సీసాలో అక్క

ఆ గదికి కిటికీ లేదు. తలుపు మూశాక బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో తెలిసే దారే లేదు. తెల్లటి గోడలు, తెల్లటి దీపాలు, మూలన ఫ్రిజ్ లాంటి ఒక పెట్టె. చూడ్డానికి ఫ్రిజ్ లాగే ఉంటుంది గానీ దాని పని మాత్రం తలకిందులు. లోపల ఎప్పుడూ మనిషి ఒంట్లో ఉండేంత వేడి ఉంటుంది. ఇంక్యుబేటర్ అంటారు దాన్ని. మనిషి నుంచి తీసిన కణాలను సీసాల్లో వేసి, మీడియం అనే ఎర్రటి పోషక ద్రవం పోసి అందులో పెడితే, ఇంకా ఒంట్లోనే ఉన్నామనుకుని అవి పెరుగుతూ పోతాయి.

ఆ గదిని ఏలేది ఉష్ మేడమ్. ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే ఆఫీసులో తప్ప ఎక్కడా వినబడదు. సీసా మూత తీసిన చోట ఎవరైనా నోరు తెరిచారా, "ఉష్!" అని ఒక్కటే మాట. నోటి తుంపర ఒక్కటి పడితే చాలు, మర్నాటికి సీసా నిండా మురికి పేరుకుపోతుంది. అందుకని డిగ్రీ చదివే పిల్లలు బ్యాచ్ తర్వాత బ్యాచ్‌గా శిక్షణకి వచ్చి మొదట నేర్చుకునే పాఠం నోరు మూసుకోవడమే. రెండో పాఠం చేతులు. రంగునీళ్లని కొలిచి పీల్చి పోస్తూ పిపెట్ పట్టడం, మూత తీసిన సీసా మీదుగా చెయ్యి అడ్డం పోనివ్వకపోవడం, ముట్టుకునే ప్రతి వస్తువునీ స్పిరిట్‌తో తుడవడం. బయోటెక్నాలజీ అంటే తెల్లకోటు వేసుకుని ఫోటో దిగడం అనుకుని వచ్చినవాళ్లు రెండో వారానికే పలచబడేవాళ్లు. మిగిలినవాళ్లు టీకాల కంపెనీల్లోనో రక్తపరీక్షల ల్యాబుల్లోనో స్థిరపడి, ఎక్కడ కనబడ్డా ఆవిడకి నమస్కారం పెట్టేవాళ్లు.

అందరి నోళ్లూ మూయించే ఆ మనిషి ఒక్కర్తే ఉన్నప్పుడు మాత్రం మాట్లాడేది. మరిచిపోయిన కోటు కోసం వెనక్కొచ్చిన ఒకమ్మాయి చెవులారా విన్నది. మేడమ్ ఇంక్యుబేటర్ తలుపుకి నుదురు ఆనించి, గొంతు తగ్గించి, "జ్వరం తగ్గిందిలే. బడికి పంపాను. నువ్వేం దిగులు పెట్టుకోకు," అంటోందట. దయ్యాల కథలంటే చెవి కోసుకునే వయసు కదా, అప్పట్నుంచి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఆ పెట్టెలో దయ్యం ఉందని కొత్తవాళ్లని బెదరగొట్టేవాళ్లు. నన్నడిగితే దయ్యమైనా నయం. దయ్యానికి కనీసం తనెవరో తనకి తెలుసు.

ఆ పెట్టెలో ఉన్నది ఆవిడ అక్క.

ఇది సరిగ్గా చెప్పాలి. ఉష్ మేడమ్‌కి తల్లి లేదు. పెంచింది అక్కే. అక్క బట్టలు కుట్టి చెల్లెల్ని సైన్సు చదివించింది. అక్క నోట్లో నువ్వుగింజ నానదు. కుట్టు మిషను టకటకలకి పోటీగా పొద్దస్తమానం ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. చెల్లెలు వినేది. ఈ శిక్షణ కేంద్రం పెట్టిన పెద్దాయన, పరిశోధనల్లో తల పండినవాడు, ఒకే ఒక్క పట్టు మీద దాన్ని మొదలుపెట్టాడు. పిల్లలు ఈ పని ఎలా ఉంటుందో చేతులతో చేసి చూడకుండానే ఈ చదువులోకి దూకుతున్నారనీ, ఇది కాలికి తొడిగి చూడకుండా చెప్పులు కొనడం లాంటిదనీ ఆయన బాధ. మొదటి బ్యాచ్‌కి నిజమైన మనిషి తోలు నుంచి కణాలు ఎలా పెంచాలో చూపించాలని ఆయనకి ముచ్చట వేసింది. తోలిచ్చేవాళ్లు ఎవరంటే అందరూ నేల చూపులు చూశారు.

ఆ సంగతి ఇంట్లో చెబితే, ఒళ్లో పసిపిల్లకి పాలిస్తూ అక్క ఫక్కున నవ్వింది.

"గోరంత తోలు కోసం ఇంత గోలా? నాది తీసుకోమని చెప్పు. సూది ఎన్నిసార్లు దిగలేదు ఈ వేళ్లలో!"

డాక్టర్ ఒకాయన అక్క జబ్బ లోపలివైపు నుంచి చిన్న ముక్క తీశాడు. కొన్ని వారాలకి ఆ ముక్క అంచుల్లోంచి కణాలు బయటికి పాకాయి. సన్నగా, పొడుగ్గా, అన్నీ ఒకే వైపు తలలు పెట్టుకుని. అక్కని పిలిచి మైక్రోస్కోప్‌లో చూపించారు. అక్క కన్ను ఆనించి చాలాసేపు చూసింది. అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆవిడ జన్మలో అదే మొదటిసారి కావచ్చు.

"ఇవి నేనేనా?" అంది చివరికి. "నేనక్కడ వంటింట్లో ఉంటే, నాకు తెలీకుండా ఇవిక్కడ ఏం చేస్తుంటాయే?"

అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వి, ఆ కణాల్లో కొన్నింటిని వేలెడంత గొట్టంలోకి తీసి, పొగలు కక్కే ద్రవ నైట్రోజన్ క్యానులో దింపాడు. అది ఆయన పద్ధతి. కొత్తగా ఏది పెంచినా మొదటి వాటా గడ్డకట్టించి దాచాల్సిందే. మిగిలినవి సీసాలో పెరిగాయి.

ఆ ఏడాదే అక్క పోయింది. జ్వరమన్నారు, ఆసుపత్రిలో చేర్చారు, ఇక మాట్లాడలేదు. బావ మరో పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోయాడు. పసిపిల్ల చెల్లెలి చంకనెక్కింది. చాలా రోజుల తర్వాత ల్యాబ్‌కి వచ్చి ఇంక్యుబేటర్ తెరిస్తే, అక్క పేరు రాసిన సీసా చేతికి వెచ్చగా తగిలింది. ఆసుపత్రిలో చివరిసారి పట్టుకున్నప్పుడు చల్లబడిపోయిన చెయ్యి గుర్తొచ్చి ఆవిడ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. తర్వాత లేచి మీడియం మార్చింది. అది మార్చకపోతే అవి బతకవు కదా. అప్పట్నుంచి మాటలు మొదలయ్యాయి. అక్క ఉన్నన్నాళ్లూ అక్క మాట్లాడేది, చెల్లెలు వినేది. ఇప్పుడు తారుమారైంది.

పెద్దాయన ఊరుకోబెడుతూనే హెచ్చరించాడు.

"ఒంట్లోంచి తీసిన మామూలు కణాలకి ఆయువుంటుందమ్మా. కొన్నిసార్లు ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. తర్వాత అలిసిపోయి ఆగిపోతాయి. నువ్వు ఎంత బాగా చూసుకున్నా సరే."

ఆవిడకి తెలియని సంగతేం కాదు. అన్నట్టుగానే అవి అలిసిపోయాయి. సన్నగా ఉండేవి వెడల్పయ్యాయి, మందగించాయి, వారాల తరబడి ఉన్నచోటే ఉన్నాయి. ఆవిడ రోజూ సీసా తీసేది, చూసేది, గుండె చిక్కబట్టుకుని మళ్లీ లోపల పెట్టేది. అప్పటికి పెద్దాయన కూడా వయసు మీదపడి రావడం మానేశాడు. ఒక సెలవుల తర్వాత తలుపు తీసేసరికి సీసాలో ఎర్రగా ఉండాల్సిన మీడియం పసుపు పచ్చగా ఉంది. కణాలు జోరుగా పెరిగి మీడియాన్ని తాగేశాయన్నమాట. మైక్రోస్కోప్ కింద పెడితే సీసా అడుగంతా కిక్కిరిసి ఉంది.

అక్క తిరిగొచ్చింది అనుకుంది ఆవిడ. అలాగే అనుకుంది, ఇంకో ఆలోచన రానివ్వలేదు. కణాల ఆకారం మారింది. సన్నగా పొడుగ్గా ఉండాల్సినవి గుండ్రాళ్లలా ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఒకదాని మీదికొకటి ఎక్కుతూ ఉన్నాయి. ఇంకెవరి సీసాలో అలా కనబడినా, "ఇవి నీవేనా? పరీక్ష చేశావా? సీసా మీద రాసింది నమ్మకు," అని ముక్కచీవాట్లు పెట్టి ఉండేది. ఈ సీసా దగ్గరికొచ్చేసరికి ఆవిడ చదువంతా గది బయటే చెప్పులతోపాటు ఉండిపోయేది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి అవి ఆగలేదు. ఎప్పుడూ లేని ఆకలి. మిగతా సీసాలకి వారానికి రెండుసార్లు మీడియం మార్చితే దీనికి రోజు విడిచి రోజు మార్చాలి. పండక్కీ పబ్బానికీ సెలవు లేదు. బతికున్నప్పుడు అడక్కుండా అన్నీ పెట్టిన అక్క, ఇప్పుడు ఎంత పోసినా ఇంకా కావాలంటున్నట్టు ఉండేది. ఒక్కోసారి ఆవిడకి భయం వేసేది. ఆ భయాన్ని ప్రేమ కిందే జమకట్టుకునేది.

పిల్ల మాత్రం ఈ సీసా నీడలోనే పెరిగింది. "మీ అమ్మ మా ల్యాబ్‌లో ఉంది," అని చెప్పే పిన్నిని నమ్మకుండా ఎలా ఉంటుంది? సెలవుల్లో పిన్ని తనని ఎత్తుకుని మైక్రోస్కోప్‌లో చూపించేది. మొదటిసారి చూసినప్పుడు, "వీటిలో అమ్మ ఏది?" అనడిగింది.

"అన్నీ అమ్మే."

పిల్ల మళ్లీ కన్ను పెట్టి చూసి, పిన్ని మెడ గట్టిగా పట్టేసుకుంది. "కదులుతోంది పిన్నీ, ఇంటికెళ్దాం," అంది. అయినా తర్వాత సెలవుల్లో తనే వస్తానని మారాం చేసింది. పెద్దయ్యాక, పరీక్ష తప్పిన రోజు పిన్నితో చెప్పలేక, "అమ్మకి చెప్పు," అని పంపింది. ఇద్దరూ ఒకళ్లకొకళ్లు చెప్పుకోలేనివన్నీ ఆ సీసా దగ్గర చెప్పుకునేవాళ్లు.

అలాంటి పిల్ల డిగ్రీలో సైన్సు తీసుకుని, శిక్షణకని అదే గదికి వచ్చింది. గదిలో ఉన్నంతసేపూ "మేడమ్" అనే పిలిచేది. పిపెట్‌లో బుడగలు రానిచ్చేది, కోటు గుండీలు తప్పుగా పెట్టుకునేది. కానీ చెయ్యి వణికేది కాదు. ఆ చెయ్యి చూసి ఉష్ మేడమ్ లోలోపల మురిసిపోయేది.

ఆ బ్యాచ్‌లో ఇంకో పిల్ల ఉండేది. ఏది చెప్పినా, "మేడమ్, ఒక డౌట్," అనేది కనుక దానికి డౌట్ల పిల్ల అని పేరు పడింది. డీఎన్‌ఏతో మనుషుల్ని గుర్తుపట్టే పరీక్ష నేర్పే వారం వచ్చింది. ఇందులో పెద్ద మర్మమేం లేదు. కణాల్లోంచి డీఎన్‌ఏ తీసి, దానిలో కొన్ని చోట్లని ఎంచుకుని, జెల్ అనే జెల్లీ పలక మీద పరిగెత్తిస్తారు. నీలిరంగు దీపం కింద పెడితే ఒక్కో మనిషికి ఒక్కో వరుసలో గీతలు వెలుగుతాయి. ఏ చోట చూసినా పిల్లకి ఉన్న రెండు గీతల్లో ఒకటి తల్లి నుంచి వచ్చిందై ఉంటుంది. ఒక్కో విద్యార్థీ ఏదో ఒక పోలిక ఎంచుకుని చూపించాలి.

పిల్ల మధ్యాహ్నం సీసాలు కడిగే చోటికి వచ్చి నిలబడింది.

"పిన్నీ, అమ్మనీ నన్నూ పక్కపక్కన పెట్టి చూడాలనుంది."

ఉష్ మేడమ్ చేతిలో గాజు గిన్నె జారి తొట్టిలో పడింది. పగల్లేదు.

"వేరే ఏదైనా చెయ్యకూడదూ? తెలిసిందే కదా అది."

"తెలిసిందే చూడాలనుంది. మా ఇద్దరికీ కలిపి ఒక్క ఫోటో అయినా లేదు."

కాదనడానికి నోరెలా వస్తుంది? వద్దనడానికి కారణం కూడా ఆవిడ దగ్గర లేదు. ఉన్నది దిగులు మాత్రమే. సరేనంది.

జెల్ మీద మొదటి వరుస పిల్లది. పక్కది అక్క సీసాది. ఆ పక్కన మొండిది. మొండి అంటే శిక్షణ పిల్లలు చేతులు తిప్పుకోవడానికి వాడే కణాలు. వాటిని ఏం చేసినా చావవు కనుక ఎవరో పెట్టిన పేరు. ఎక్కడో, ఎప్పుడో, కణితితో చనిపోయిన ఒక ఆడమనిషి నుంచి తీసినవి. ఆ మనిషి పోయి తరాలు గడిచినా అవి వందల ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. వాటి గీతలు అందరికీ తెలిసినవే కనుక, పరీక్ష సరిగ్గా జరిగిందా లేదా అని సరిచూసుకోవడానికి ప్రతి జెల్ మీదా ఒక వరుస వాటిది ఉంటుంది.

దీపాలు ఆర్పి నీలి దీపం వేశారు. గీతలు ఒక్కొక్కటే చీకట్లో తేలాయి.

పిల్ల తన వరుసనీ పక్క వరుసనీ వేలితో పైనుంచి కిందికి పోల్చుకుంటూ వచ్చింది. మొదటి చోట కలవలేదు. రెండో చోట కలవలేదు. మూడో చోటికి వచ్చేసరికి ఆ వేలు ఆగిపోయింది.

"ఒక్కటీ లేదు," అంది. "మేడమ్, నేను... నేను అమ్మకి పుట్టలేదా?"

ఉష్ మేడమ్ జెల్ కేసి చూడటం లేదు, పిల్ల కేసే చూస్తోంది. పిల్లకి చెప్పాల్సిన మాట గొంతులోనే ఉంది, కానీ అది చెబితే అక్క ఉండదు. ఆ ఒక్క క్షణం ఆవిడ ఆగింది. తర్వాత జీవితాంతం ఆ క్షణానికి ఆవిడ తనని క్షమించుకోలేదు.

"మేడమ్, ఒక డౌట్," అంది వెనక నుంచి డౌట్ల పిల్ల, భయం భయంగా. "ఈ రెండో వరుసా, మూడో వరుసా... ఒకటే కదా?"

ఒకటే. ఒక్క గీత తేడా లేదు. అక్క సీసాలో ఉన్నది మొండి.

దీపాలు వేశాక ఎవరి సామాన్లు వాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. పిన్నీ పిల్లా మిగిలారు. ఎలా జరిగిందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అక్క కణాలకీ మొండికీ ఎప్పుడో ఒకే బాటిల్‌లోంచి మీడియం పోశారు. మొండి సీసాకి తగిలిన పిపెట్ మళ్లీ ఆ బాటిల్‌లో మునిగింది. ఒక్క కణం చాలు. అలిసిపోయి ఆఖరి రోజుల్లో ఉన్న అక్క కణాల మధ్యకి అది చేరి, వాటి చోటంతా ఆక్రమించి, వాటి తిండి తిని, వాటి పేరు కిందే పెరిగింది. ఏ రోజు, ఎవరి చేత్తో జరిగిందో ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో అక్క సీసా ముట్టుకున్నది మాత్రం ఒక్కళ్లే.

"నీకు తెలీదా పిన్నీ?"

"తెలీదే. ఒట్టు."

"తెలీదా, తెలుసుకోవాలనిపించలేదా?"

పిల్ల ఇంక్యుబేటర్ తలుపు తెరిచి ఆ సీసా కేసి చూసింది. మీడియం అప్పుడే పసుపు తిరుగుతోంది. "నా సంగతులన్నీ విన్నది ఇదా?" అని తలుపు ధడాలున మూసేసింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు ఉదయం బట్టలు తీగ మీద ఆరేస్తూ పిల్లే కదిపింది.

"ఆ పెద్దాయన మొదటి వాటా దాస్తాడన్నావు కదా. అది ఉందా?"

ఉంది. క్యాను అడుగున ఉంది. ఎన్నేళ్లయినా ఆవిడ దాన్ని తీయలేదు, సీసాలో అక్క ఉండగా అవసరమేముంది? ఇప్పుడేమో తీయాలంటే భయం. ఇన్నేళ్ల చలికి లోపల ఏమైనా మిగిలిందో లేదో తెలియదు. కరిగించాక మళ్లీ దాచుకోవడానికి ఉండకపోవచ్చు. బతికితే మాత్రం ఆ తొలినాటి వయసుతోనే లేచి, కొన్నాళ్లు పెరిగి ఆగిపోతాయి. బతక్కపోతే అక్క రెండోసారి పోయినట్టు, ఈసారి మిగిలేదేం ఉండదు.

"అక్కడే ఉండనీ," అంది. "ఉందన్న ధైర్యమైనా ఉంటుంది."

"నీకుంటుంది ధైర్యం. నువ్వు అమ్మని చూశావు, మాట విన్నావు. నేను చూసిందల్లా ఆ సీసానే. అది కూడా అమ్మ కాదు," అంది పిల్ల. తడి బట్ట పిండుతూనే అంది. "నేను తీస్తాను. నా చేత్తో. పాడైతే నా చేతిలోనే పాడవనీ."

ఉష్ మేడమ్ ఆ చేతుల కేసి చూసి, సరేనంది.

కానీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. నెమ్మదిగా లేచే కణాలున్న గదిలో మొండి ఉండకూడదు. ఒక్క చుక్క చాలు, కథ మొదటికొస్తుంది. కాబట్టి గదిలో ఉన్న మొండి సీసాలన్నీ బ్లీచ్ పోసి చంపేయాలి. పిల్లలు వాటి పని ఇట్టే ముగించారు. డౌట్ల పిల్ల ఒక్కో సీసాకీ "టాటా" కూడా చెప్పింది. చివరికి మిగిలింది అక్క పేరున్న సీసా. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అందరూ బయటికెళ్లారు, పిల్లతో సహా.

ఆవిడ సీసా తీసి పట్టుకుంది. ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. అదే వెచ్చదనం, అన్నేళ్లు అరచేతిలో పట్టుకుని నడిచింది దీన్నే. ఎవరో ఊరూపేరూ తెలియని ఆడమనిషి. ఆవిడకీ ఒక చెల్లెలు ఉండే ఉంటుంది. ఎవరి ఇంటి జ్వరాలో, ఎవరి పిల్ల మార్కులో ఏళ్ల తరబడి వింటూ కూర్చుంది. తనది కాని పేరుతో పిలిస్తే కాదనలేదు, ఆ పేరుతోనే బతికింది. ఉష్ మేడమ్ మూత తీసి బ్లీచ్ పోసింది. ఎరుపు పసుపైంది, పసుపు తెల్లటి నీళ్లైంది. అడుగున పొరలా పట్టుకున్నవన్నీ ఊడి, పొట్టులా తేలాయి.

"అక్కా," అంది అలవాటుగా. వెంటనే నాలిక కరుచుకుంది. ఇంకేమని పిలవాలో ఆవిడకి తెలియదు.

మర్నాడు క్యాను మూత తీశారు. తెల్లటి పొగ అంచులు దాటి నేల మీదకి పాకి, వాళ్ల పాదాలు కప్పేసింది. గొట్టం మీద పెద్దాయన చేతిరాత అలుక్కుపోయినా, ఎవరిదో తెలుస్తూనే ఉంది. పిల్ల దాన్ని గోరువెచ్చటి నీళ్లలో ఆడించింది. లోపల ఆవగింజంత మంచు మిగిలి ఉండగానే తీసి, స్పిరిట్‌తో తుడిచి, చుక్క చుక్కగా కొత్త మీడియంలో కలిపింది. ఒక్క బుడగ రాలేదు. ఉష్ మేడమ్ చేతులు వెనక్కి కట్టుకుని, తన చేతుల్ని తనే నమ్మనట్టు, అడుగు దూరంలో నిలబడింది.

మొదట అన్నీ గుండ్రంగా తేలుతూ కనబడ్డాయి. తేలేవి చచ్చినవి. రెండో రోజూ అంతే. మూడో రోజు మీడియం మార్చేముందు పిల్ల కన్ను ఆనించి, చెయ్యి మాత్రం చాపి పిన్ని కొంగు పట్టుకుంది. సీసా అడుగున అక్కడొకటి, ఇక్కడొకటి, సన్నగా పొడుగ్గా సాగి అతుక్కుని ఉన్నాయి. మొత్తం కలిపి గుప్పెడు కూడా లేవు.

పరీక్షకి వాటిని ముట్టుకోలేదు. మీడియంతో పాటు పారబోయాల్సిన చచ్చినవాటిని ఏరి, వాటి డీఎన్‌ఏనే జెల్ మీద పెట్టారు. నీలి వెలుగులో పిల్ల వేలు మళ్లీ పైనుంచి కిందికి నడిచింది. ఈసారి ప్రతి చోటా ఒక గీత కలిసింది. పిల్ల ఏడవలేదు, నవ్వలేదు. ఆ రెండు వరుసల మీద అరచెయ్యి మోపి చాలాసేపు అలాగే ఉండిపోయింది. డౌట్ల పిల్లకి ఆ రోజు ఏ డౌటూ రాలేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఇద్దరూ ఇంక్యుబేటర్ దగ్గరికొచ్చారు. లోపల ఒకే ఒక్క సీసా. ఉష్ మేడమ్ ఎప్పటిలాగే తలుపుకి నుదురు ఆనించింది. నోరు తెరిచింది, మాట రాలేదు.

"మాట్లాడు పిన్నీ. ఇప్పుడు నిజంగా అమ్మే కదా."

"ఏం చెప్పనే?"

"రోజూ చెప్పేదే."

"రోజూ చెప్పింది ఈమెకి కాదుగా. ఈమెకేం తెలుసు? ఈ గొట్టం చలిలో పెట్టిన రోజు మీ అమ్మ ఇదిగో, ఇక్కడే నిలబడి ఉంది. నిన్ను పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చింది. పాప లేస్తుందేమోనని ఒకటే తొందర. గొట్టం దింపీ దింపకముందే ఇంటికి పరిగెత్తింది." ఆవిడ తలుపు మీద నుంచి నుదురు తీసింది. "తను పోయిందని కూడా తెలీదు దీనికి. ఏదైనా చెప్పాలంటే ముందు అది చెప్పాలి. నావల్ల కాదే."

పెట్టె సన్నగా గురగురమంటోంది.

"ఎన్నాళ్లుంటాయి ఇవి?"

"కొన్ని వారాలు. మహా అయితే కొన్ని నెలలు."

"అయితే చెప్పొద్దులే."

పిన్నిని పక్కకి జరిపి, పిల్ల వంగి, తలుపుకి నోరు దగ్గరగా పెట్టింది.

"పాప ఇంకా లేవలేదమ్మా," అంది. "నువ్వు కంగారు పడకుండా నిదానంగా రా."